అతుకుల బల్లగుడ్డ



మన పల్లెల్లో “అతుకుల బొంత” అనే మాటను చులకనగా వాడతాం. పొంతన లేని నలుగురు ఒకచోట చేరితే అతుకుల బొంత అంటాం. కాని బొంత కుట్టిన ఆడదాని చెవికి ఆ మాట చులకనగా వినిపించదు. చిరిగిన నేతచీరలను పారవేయక, నాలుగు మడతలు పరచి, పైన రంగురంగుల ముక్కలు వేసి కుట్టుకుంటూ పోతే చలికాలంలో పిల్లలకు అదే వెచ్చన. నేను 30 ఏళ్ళు మా ఊళ్ళో మిషను కుట్టాను. జాకెట్లు, లంగాలు, పిల్లల గౌన్లు కత్తిరించగా మిగిలిన ముక్కలను మూటగట్టి అటక మీద పెట్టేదాన్ని. వానలు పడి గిరాకీ తగ్గిన రోజుల్లో ఆ మూట విప్పేదాన్ని.

అలాంటి నాకు అమెరికా దేశంలో ముక్కగుడ్డలతో ఒక బల్లగుడ్డ కుట్టే పని తగిలింది. అదీ హాలోవీన్ అనే పండుగకు. ఆ గుడ్డ మూలంగా ఇంట్లో కొంత కలత వచ్చింది, ఆ గుడ్డ మూలంగానే కొంత ఆదరణ కూడా కలిగింది. మన కుటుంబాలకు ఉపయోగపడుతుందేమోనని ఈ సంగతి రాస్తున్నాను.

మా ఆయన 2023 ఫిబ్రవరిలో ప్రభువునందు నిద్రించారు. ఒంటరిగా ఉంటే దిగులుపడతానని మా అమ్మాయి సెప్టెంబరులో నన్ను తనతో తీసుకువెళ్ళింది. వాళ్ళుండేది పెన్సిల్వేనియా రాష్ట్రంలో. మన గుంటూరు జిల్లా లూథరన్ కుటుంబాలకు ఆ పేరు కొత్త కాదు. 1842 జూలై 31న గుంటూరు చేరిన హయ్యర్ అయ్యగారిని మన మధ్యకు పంపినది ఆ రాష్ట్రపు సంఘమే. అందుచేత నాకు అది పూర్తిగా పరాయి ఊరు అనిపించలేదు.

అక్టోబరు రాగానే ఆ వీధి రూపు మారిపోయింది. గుమ్మాల ముందు పెద్ద పెద్ద గుమ్మడికాయలు పెట్టారు. వాటిని తొలిచి, కళ్ళు, నోరు, పళ్ళు చెక్కి లోపల దీపం వెలిగించారు. చెట్లకు ప్లాస్టిక్ అస్థిపంజరాలు వేలాడగట్టారు. కొందరైతే ముంగిట పచ్చగడ్డిలో ఉత్తుత్తి సమాధిరాళ్ళు పాతారు. పిల్లలకు అదంతా నవ్వులాట. ఎనిమిది నెలల క్రితమే నిజమైన సమాధి చూసి వచ్చిన నాకు మాత్రం వాటి పక్కగా నడవబుద్ధి కాలేదు. సాయంత్రం నడకకు వేరే వీధి పట్టాను.

ఈ పండుగ ఎక్కడిది అని విచారిస్తే, దాని వేరు ఒకటి సంఘంలోనే ఉన్నదని తెలిసింది. నవంబరు 1 సకల పరిశుద్ధుల దినం. పాత ఇంగ్లీషులో ‘హాలో’ అంటే పరిశుద్ధుడు. ‘ఈన్’ అంటే పండుగ ముందటి సాయంత్రం. ఐర్లండు, స్కాట్లండు దేశాల్లో చలికాలం మొదలయ్యే ఆ రోజుల్లోనే అంతకు ముందు నుంచీ వేరే పండుగ ఒకటి ఉండేది. చనిపోయినవారి ఆత్మలు తిరుగుతాయన్న భయం అందులో కలిసి ఉండేది. రెండూ కలగలిసిపోయాయి. 1840లలో ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్ళి, కరువు వచ్చి, లక్షలమంది అమెరికాకు వలస వెళ్ళారు. వాళ్ళతో పాటు ఈ ఆచారమూ ఓడ ఎక్కింది. సొంత ఊళ్ళో వాళ్ళు టర్నిప్ దుంపను తొలిచి దీపం పెట్టేవారు. అమెరికాలో అంతకంటే పెద్దది, తొలచడానికి సులువైనది గుమ్మడికాయ దొరికింది.

ఇది విన్నప్పుడు నాకు మన ఊరి గుమ్మాలు గుర్తుకు వచ్చాయి. మన దగ్గరా కొత్త ఇంటి గుమ్మానికి బూడిద గుమ్మడికాయ వేలాడగడతారు, దిష్టి తగలకూడదని. వాళ్ళు గుమ్మం కింద పెడితే వీళ్ళు గుమ్మం పైన కడతారు. సముద్రాలు దాటినా మనిషి భయం ఒకటే, పాపం ఆ భయాన్ని మోసే కాయ కూడా ఒకటే!

ఇక గుడ్డ సంగతికి వస్తాను. మా అమ్మాయి పక్కింట్లో ఒక పెద్దావిడ ఉన్నారు. ఆమె తమ చర్చిలో స్త్రీల కుట్టుగుంపుకు ప్రతి గురువారం వెళ్తారు. అక్కడ ముక్కగుడ్డలతో 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు గల దుప్పట్లు కుట్టి, లూథరన్ వరల్డ్ రిలీఫ్ అనే సేవాసంస్థ ద్వారా ఇల్లు వాకిలి పోయిన నిరాశ్రయులకు పంపుతారు. వాటినే క్విల్టులు అంటారు. నన్ను కూడా తీసుకువెళ్ళారు. నాకు వాళ్ళ భాష అంతంత మాత్రం. కాని సూది పట్టాక భాషతో పనేముంది? నా కుట్లు చూసి ఆమె సంతోషించి, మర్నాడు ఒక సంచి నిండా ముక్కలు తెచ్చి ఇచ్చారు. నారింజ, నలుపు, ఊదా, చిలకపచ్చ రంగులు. హాలోవీన్ బల్లగుడ్డ కుట్టుకోమన్నారు. తానులో నుంచి కొత్త గుడ్డ కత్తిరించకుండా, ఏళ్ళ తరబడి మిగిలిన తలో ముక్కనూ కలిపి కుట్టడమే దాని అందమట. మన బొంత పద్ధతే!

మా మనుమరాలికి తొమ్మిదేళ్ళు. అది ఎగిరి గంతేసింది. అక్టోబరు 29 ఆదివారం సాయంత్రం మా అమ్మాయి వాళ్ళ చర్చి ఆవరణలో పిల్లలకు మిఠాయిలు పంచుతారు. కార్లు వరుసగా నిలిపి, వెనక డిక్కీలు తెరిచి, అందులో మిఠాయి బుట్టలు పెట్టుకొని వచ్చిన పిల్లలందరికీ ఇస్తారు. ఆ బుట్టల బల్ల మీద మన గుడ్డ పరుద్దాం అమ్మమ్మా అన్నది.

అల్లుడుగారు సంచిలో చెయ్యి పెట్టి ఒక ముక్క తీశారు. దాని మీద చీపురుకట్ట ఎక్కిన మంత్రగత్తె బొమ్మ ఉంది. ఆయన మొహం చిన్నబోయింది. “అత్తయ్యగారూ, ఇది మన బల్ల మీదా?” అన్నారు. మా అమ్మాయి ఊరుకోలేదు. “బడిలో పిల్లలందరూ సంతోషంగా చేసుకుంటుంటే మన పిల్ల ఒక్కతీ మూల కూర్చోవాలా?” అన్నది. ఒకరిది భక్తి, ఒకరిది కన్నపేగు. ఇద్దరిలో ఎవరిని తప్పు పట్టను? రెండు రోజులు భోజనాల దగ్గర మాటలు తగ్గాయి. సంచి మెట్ల కింద ఉండిపోయింది.

సహోదరీలారా, మన పల్లె క్రైస్తవులకు ఈ చిక్కు కొత్తది కాదు. నలుగురి మధ్య బ్రతుకుతాం. సంక్రాంతికి పక్కింటి అరిసెలు వస్తాయి, చవితికి ఉండ్రాళ్ళు వస్తాయి. తీసుకుంటే మనస్సాక్షికి అడ్డు. వద్దంటే ఇరుగుపొరుగు మనసుకు దెబ్బ. మా పెళ్ళైన కొత్తలో గట్టు పక్క పొలం రైతు సంక్రాంతికి అరిసెల పళ్ళెం తెచ్చాడు. మా ఆయన రెండు చేతులతో పళ్ళెం అందుకొని, “అన్నా, మీ ఇంటి అరిసె నాకు ఇష్టమే. పూజలో పెట్టక మునుపు నా వంతు రెండు తీసి ఉంచితే ఇంకా ఇష్టంగా తింటాను” అన్నారు. ఆ రైతు నవ్వాడు. మరుసటి ఏడు నుంచి ఆ ఇల్లాలు బూరెల మూకుడు దగ్గరే మా వంతు తీసి విడిగా పెట్టేది. మా క్రిస్మసు పిండివంటలు వాళ్ళింటికి వెళ్ళేవి. మా ఆయన పోయిన రోజున పాడె మోసిన వారిలో ఆ రైతు కొడుకు ఒకడు.

కొరింథు సంఘానికి పౌలుగారు రాసిన సలహా కూడా ఈ వరుసలోనే సాగుతుంది. మనకు స్వేచ్ఛ ఉన్నా పక్కవాని మనస్సాక్షిని చూసుకొని నడవాలన్నదే దాని సారం. మా ఆయనకు వేదాంతం తెలియదు. పళ్ళెం ఎలా పట్టుకోవాలో తెలుసు.

మూడవ రోజు సాయంత్రం నేను సంచి తెచ్చి భోజనాల బల్ల మీద కుమ్మరించాను. కత్తెర అల్లుడుగారి చేతికి ఇచ్చాను. “నాయనా, మీ మనసుకు అడ్డు వచ్చినవి మీరే తీసి పక్కన పెట్టండి. మిగిలినవి నేను కుడతాను” అన్నాను. ఆయన కాసేపు చూసి కూర్చున్నారు. మా అమ్మాయి, మనుమరాలు కూడా చేరారు. మంత్రగత్తెలు ఒక పక్కకు పోయాయి. పుర్రెలు పోయాయి. నక్షత్రాలు, నెలవంకలు, గుమ్మడికాయలు, గుడ్లగూబలు, ఉత్త గళ్ళు, చారలు, చుక్కలు ఉండిపోయాయి.

గబ్బిలాల గుడ్డ దగ్గర చెయ్యి ఆగింది. “డాడీ, గబ్బిలాన్ని చేసింది కూడా దేవుడే కదా?” అన్నది మనుమరాలు. నేను నవ్వి, మన వినుకొండలో పుట్టిన జాషువా కవిగారు 1941లో ‘గబ్బిలం’ అనే కావ్యమే రాశారని చెప్పాను. గుడి లోపలికి రానివ్వని పేదవాడు తన మొర దేవుడికి విన్నవించమని గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలాన్ని గుడిలోకి రావద్దనేవాళ్ళు లేరు గదా! ఆ కథ విన్నాక గబ్బిలాలు కుట్టే కుప్పలోకే వచ్చాయి.

తరువాత అస్థిపంజరాల ముక్క పైకి వచ్చింది. మనుమరాలు దానిని వేలితో తడుముతూ, వచ్చీరాని తెలుగులో, “అమ్మమ్మా, తాతయ్య ఇప్పుడు ఇట్లా ఉన్నాడా?” అని అడిగింది.

ఎవరికీ నోట మాట రాలేదు. పిల్ల అడిగినది వేళాకోళంగా కాదు. నెలరోజులుగా చెట్టు చెట్టుకూ చూస్తున్నది, మనసులో పెట్టుకున్నది. నేను దానిని దగ్గరకు తీసుకొని, “ఎముకలు మట్టిలో ఉంటాయమ్మా. తాతయ్య ప్రభువు దగ్గర ఉన్నాడు. ఆ ఎముకలను కూడా ప్రభువు మరచిపోడు. ఒక రోజున లేపుతాడు” అన్నాను. “భయంగా ఉండదా?” అన్నది. “ఆయన చేతిలో ఉన్నవాళ్ళకు భయమెందుకు?” అన్నాను. మా అమ్మాయి తానే ఆ ముక్క తీసి పుర్రెల కుప్పలో వేసింది. ఆ తరువాత ఆ ఇంట్లో గుడ్డ గురించి వాదన లేదు. తీసివేసిన ముక్కలను మడతపెట్టి పక్కింటావిడకు మర్యాదగా తిరిగి ఇచ్చాం. ఆమె ఏమీ అనుకోలేదు.

కుట్టిన పద్ధతి చెబుతాను. కావాలనుకున్నవారు కుట్టుకోవచ్చు. ముక్కలను 4½ అంగుళాల చదరాలుగా కత్తిరించాలి. అన్ని వైపులా పావు అంగుళం లోపలికి వదిలి కుడితే ఒక్కొక్కటి 4 అంగుళాల చదరంగా తేలుతుంది. వరుసకు 6 చొప్పున 6 వరుసలు. నడుమ నాలుగు చదరాల చోటు గుమ్మడికాయకు వదలాలి కాబట్టి 32 చదరాలు చాలు. ఒకటి ముదురు రంగు, ఒకటి లేత రంగు వచ్చేలా పేర్చుకోవాలి.

గుమ్మడికాయకు నారింజ గుడ్డ 8½ అంగుళాల వెడల్పు, 6½ అంగుళాల ఎత్తు కత్తిరించాలి. నాలుగు మూలలా 2½ అంగుళాల నల్ల చదరాలు పెట్టి, మూల నుంచి మూలకు ఏటవాలుగా కుట్టి, బయటి కొసలు కోసి మడిచితే కాయకు గుండ్రదనం వస్తుంది. పైన తొడిమ వరుసకు 2½ అంగుళాల ఆకుపచ్చ చదరం ఒకటి, దానికి రెండు పక్కలా 3½ అంగుళాల పొడవు, 2½ అంగుళాల ఎత్తు నల్ల ముక్కలు. అన్నీ కలిపితే కాయ సరిగ్గా 8 అంగుళాల చదరంలో కూర్చుంటుంది. చుట్టూ 2 అంగుళాల అంచు తేలేలా పట్టీ వేస్తే గుడ్డ మొత్తం 28 అంగుళాలు. ప్రతి కుట్టుకూ ఇస్త్రీ చేయాలి, లేకపోతే మూలలు కలవవు. అడుగున పలుచని దూది పొర, దాని కింద వెనక గుడ్డ వేసి మూడింటినీ కలిపి కుట్టాలి. దూది పొర దొరకనివారు మెత్తబడిన పాత నేతచీర ఒక మడత వేసుకున్నా సరిపోతుంది.

అన్నీ దొరికాయి గాని తొడిమకు సరిపడే ఆకుపచ్చ సంచిలో లేదు. ఉన్న చిలకపచ్చ మరీ కొట్టవచ్చినట్టు ఉంది. అప్పుడు మనుమరాలు వంటింట్లోకి పరుగెత్తి ఒక గుడ్డ తెచ్చింది. ఆవకాయ సీసా పగలకుండా నేను ఇంటి నుంచి చుట్టుకొని తెచ్చిన పాత లుంగీ. మా ఆయన పొలానికి కట్టుకు వెళ్ళే ఆకుపచ్చ గళ్ళ లుంగీ. ఉతికి ఉతికి రంగు కాస్త వెలిసింది. తొడిమకు అంతకంటే తగిన రంగు లేదు. నేను ఒక్క నిమిషం కత్తెర పట్టుకొని కూర్చున్నాను. తరువాత కత్తిరించాను. తొడిమకు పోగా మిగిలిన గుడ్డను బల్లగుడ్డకు వెనక వైపు వేశాను.

ఈ పని మన ఒక్కరిదే కాదు. పక్కింటావిడ నాకు ఒక పుస్తకంలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే పల్లె క్విల్టులు చూపించారు. అక్కడివారు బానిసత్వంలో మగ్గిన నల్లజాతి వారి సంతతి. పేదరికంలో పొలం పని బట్టల నుంచే దుప్పట్లు కుట్టుకున్నారు. అందులో మిస్సూరీ పెట్‌వే అనే ఆమె 1942లో భర్త చనిపోయాక ఆయన పని బట్టలను కత్తిరించి, కూతురి సాయంతో క్విల్టు కుట్టి, దానిని కప్పుకొని ఆయనను తలచుకున్నది. ఆ పల్లె క్విల్టులు 2002 నుంచి పెద్ద పెద్ద మ్యూజియంలలో ప్రదర్శనకు వెళ్ళాయి. 2006లో అమెరికా ప్రభుత్వం వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు కూడా వేసింది. మోకాళ్ళ దగ్గర అరిగిన ప్యాంట్ల గుడ్డకు దక్కిన గౌరవం అది. ఆ బొమ్మ చూసినప్పుడు ఆ తల్లి నాకు తోబుట్టువులా అనిపించింది.

29వ తేదీ సాయంత్రం చర్చి ఆవరణలో మా బల్ల మీద ఆ గుడ్డ పరిచాం. రకరకాల వేషాలతో పిల్లలు వచ్చారు. అల్లుడుగారే నిలబడి ఒక్కొక్కరికీ మిఠాయి ఇచ్చారు. మనుమరాలు వచ్చినవారందరికీ తొడిమ చూపించి, “ఇది మా తాతయ్యది” అని చెప్పింది.

31వ తేదీ రాత్రి మా వాళ్ళు ఇంట్లో కుటుంబ ప్రార్థన చేశారు. 1517లో అదే తేదీన జర్మనీ దేశపు విట్టెన్‌బర్గ్ పట్టణంలో మార్టిన్ లూథర్‌గారు తన 95 సిద్ధాంతాలను బయటపెట్టారని అల్లుడుగారు పిల్లకు చెప్పారు. మధ్యలో తలుపు తట్టిన పిల్లలకు లేచి మిఠాయిలు కూడా ఇచ్చారు.

నవంబరు 2న మా ఊళ్ళో సమాధుల పండుగ. ఆ రోజు సాయంత్రం అందరం సమాధుల దొడ్డికి వెళ్ళి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, పునరుత్థాన నిరీక్షణ పాటలు పాడతాం. చనిపోయినవారి కోసం కాదు, బ్రతికి ఉన్న మన ధైర్యం కోసం ఆ దీపాలు. దానికి నాలుగు రోజుల ముందు మా ఆయన సున్నం బకెట్టు పట్టుకొని, దిక్కులేనివారి సమాధులతో సహా అన్నిటికీ వెల్ల వేసేవారు. ఆయన పోయాక వచ్చిన మొదటి నవంబరు 2న నేను అక్కడ లేనని లోలోపల బాధగానే ఉంది.

మన దగ్గర సాయంత్రం 6 గంటలైతే పెన్సిల్వేనియాలో అప్పుడు ఉదయం 8:30. మా అబ్బాయి ఫోనులో సమాధి చూపించాడు. తండ్రి ఏటా చేసిన పనిని ఈసారి కొడుకు చేశాడు. తెల్లగా వెల్ల వేసి ఉంది. చుట్టూ దీపాలు. మా అమ్మాయి భోజనాల బల్ల మీద ఆ గుడ్డ పరచి, పింగాణీ పళ్ళెంలో కొవ్వొత్తి పెట్టింది. అల్లుడుగారు దానిని వెలిగించి థెస్సలొనీకయుల మొదటి పత్రిక నాలుగవ అధ్యాయం చదివారు. అక్కడ చీకటి, ఇక్కడ ఎండ. రెండు చోట్లా దీపాలు. మనుమరాలు నా పక్కన కూర్చొని బడికి వేళయ్యేవరకు కదలలేదు.

వీధిలో ఉత్తుత్తి సమాధిరాళ్ళు ఇంకా పీకలేదు. ఆ సాయంత్రం నేను పిల్లతో ఆ వీధినే నడిచాను.

2024లో తిరిగి వచ్చేటప్పుడు ఆ బల్లగుడ్డను నాతో తీసుకుపొమ్మన్నారు. నేను వద్దన్నాను. అది ఆ బల్లకే కావాలి. పిల్ల పెద్దదవుతుంది, అక్టోబరు ఏటా వస్తుంది. వచ్చిన ప్రతిసారీ సంచి కుమ్మరించి ఏది ఉంచాలో, ఏది పక్కన పెట్టాలో ఆ ఇంటివారు కలిసి చూసుకోవాలి.

నేను మాత్రం కొలతలు కాగితం మీద రాసుకొని వచ్చాను. మా స్త్రీల సమాజంలో ఇప్పుడు నలుగురం కలిసి అలాంటి గుడ్డే ఒకటి కుడుతున్నాం, మన కోతపండుగకు. ఆ రోజు వడ్ల బస్తాలు, కోళ్ళు, కొబ్బరిగెలలతో పాటు గుమ్మడికాయలు కూడా గుడికి వస్తాయి గదా. వాటిని పెట్టే బల్ల మీద పరుస్తాం. ఎవరింటి ముక్కలు వారు తెస్తున్నారు. ఒక సహోదరి తన తల్లి చీర కొంగు తెచ్చింది. ఒకామె బడి మానేసిన కొడుకు యూనిఫారం చొక్కా తెచ్చింది. ఇంకొకామె చేతిలో ఏమీ లేదు, వట్టి చేతులతో వచ్చింది. ఆమెకు దారం ఎక్కించే పని ఇచ్చాం.

ప్రభువు మీ ఇళ్ళను ఆదరించును గాక.